మిరపగోతంలో మౌతార్గాన్

మా మామయ్య హుస్సేన్ సాహెబ్ క్లారినెట్ మీద అప్పగింతల వరస ఎత్తుకుంటే పెళ్లికూతురి తల్లే కాదు, పెళ్లికొడుకు తల్లి కూడా కొంగు నోట్లో కుక్కుకునేది. అద్దంకి నుంచి చిలకలూరిపేట దాకా కలిగినవాళ్ల ఇళ్లలో ముహూర్తం పెట్టుకునే ముందు మార్టూరు మనిషిని పంపి, సాహెబుగారి బ్యాండు ఖాళీగా ఉందా అని కనుక్కునేవాళ్లు. అలాంటి మనిషి పంతొమ్మిదివందల అరవయ్యొకటి మాఘమాసంలో, పెళ్లిళ్లు జోరుమీదున్న రోజుల్లో, నిండు పందిట్లో అప్పగింతల పాట సగంలో ఆపేసి క్లారినెట్ ఒళ్లో పెట్టుకున్నాడట.

నేను చూడలేదు. ఆడవాళ్లం బ్యాండు వెంట వెళ్లేదెక్కడ? నేనూ మా అత్త మౌలాబీ ఇంట్లో మిరపకాయలకు తొడిమలు తీస్తున్నాం. ఆ కాలంలో రైతులు కల్లాల నుంచి గోతాలు తెచ్చి ఇంట్లో పడేసిపోతే, తొడిమలు తీసి ఇచ్చి కూలి తీసుకునేవాళ్లం. పొద్దెక్కాక మేళం వాళ్లు తిరిగొచ్చారు. మామయ్య ఎవరితోనూ మాట్లాడకుండా క్లారినెట్‌ను పెట్టెలో సర్ది, ఆ పెట్టెను అటకమీదికి నెట్టాడు.

"ముందుపళ్లు కదిలిపోయినయ్. క్లారినెట్ పీకకు పట్టు దొరకట్లేదు," అన్నాడు. "మేళం ఇంక నువ్వే చూసుకోరా."

ఆ మాట కొడుకుతో అన్నది. కొడుకంటే మా ఆయన, హయాత్. ఆ రోజుల్లో మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని భయపెట్టేవాళ్లు. ఇప్పుడు నాకు ఎవరి భయమూ లేదు కాబట్టి హయాత్ అనే అంటాను.

మేళంలో డ్రమ్ము కొట్టే చలమయ్య మాత్రం గడప దాటుతూ గొణిగాడు. "ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పళ్లదా తప్పు? వయసుది." నేను చేటలో ఉన్న తొడిమలన్నీ వాడి నెత్తిన పోద్దామనుకున్నాను. అత్త చెయ్యి పట్టుకుని ఆపింది.

మావాళ్లది దూది ఏకే వృత్తి. మామయ్య పసితనం నుంచి పరుపులకూ దిండ్లకూ దూది ఏకాడు. ఏకేవాళ్ల దగ్గర మనిషంత విల్లు ఉంటుంది, దానికి నరంతాడు కట్టి ఉంటుంది. ఆ తాడును దూదిలో పెట్టి కొడుతూ ఉంటే దూది విచ్చుకుని గదంతా తెల్లగా లేస్తుంది. ఆ విల్లును వదిలించుకోవడానికే తను క్లారినెట్ పట్టానని చెప్పేవాడు. అయినా పెళ్లిళ్లు లేని నెలల్లో మళ్లీ విల్లే కూడు పెట్టేది. అందుకే తెనాలిలో ఒక రైల్వే గార్డు బదిలీ మీద పోతూ అమ్మేసిన గిటారును హయాత్ కొనుక్కొచ్చిన రోజు ఇంట్లో పెద్ద రగడ అయింది.

"ఆ విల్లు వదిలించుకోటానికి నా జన్మంతా పట్టింది. నువ్వు ఇంకో విల్లు చంకన పెట్టుకొచ్చావేంట్రా?" అన్నాడు మామయ్య.

తర్వాత జనమే గిటారు కావాలని అడిగారు. భోజనాల వేళ మైకు ముందు సినిమా పాటలు వాయించడానికి అది లేకపోతే మగపెళ్లివారు మూతులు ముడుచుకునేవాళ్లు. మామయ్య కాదనలేదు. కానీ గిటారు మోగినంతసేపూ క్లారినెట్ పక్కన పెట్టి వక్కాకు నములుతూ కూర్చునేవాడు. తండ్రీ కొడుకూ ఒక్క పాట కూడా కలిసి వాయించలేదు. హయాత్ మాత్రం గిటారు తీగలను ఎప్పుడూ తండ్రి క్లారినెట్ శ్రుతికే దించి పెట్టుకునేవాడు.

"ఎందుకా శ్రమ? ఆయన కలిసి వాయించేదీ లేదు, పెట్టేదీ లేదు," అన్నానొకసారి.

"ఎప్పుడో ఒకప్పుడు బుద్ధి పుట్టొచ్చు. అప్పుడు శ్రుతి సరిచేసుకుంటా కూర్చుంటే మనసు మార్చుకుంటాడు," అన్నాడు.

ఇప్పుడా క్లారినెట్ అటకెక్కింది. మామయ్య పొద్దస్తమానం అరుగుమీద కూర్చుని రోడ్డు చూసేవాడు. వేరే ఊరి బ్యాండు ఏదైనా బండి మీద పోతుంటే లేచి లోపలికి వచ్చేవాడు. రెండు ముద్దలు కెలికి కంచం తోసేసేవాడు. మాట అడిగితే తల ఊపడమే.

"ఈ మనిషి క్లారినెట్‌తో పాటు నోరు కూడా పెట్టెలో పెట్టి మూతేశాడే ఖుర్షిదా," అంది అత్త. అని నవ్వబోయి నవ్వలేకపోయింది.

ఒక సాయంత్రం హయాత్ దొడ్లో నా పక్కన కూలబడి, "నాయన ఇట్టాగే ఉంటే ఈ ఎండాకాలం దాటడు," అన్నాడు. అప్పటిదాకా నేనూ అదే అనుకుంటున్నాను గానీ, పైకి అనడానికి నోరు రాలేదు.

"పళ్లు లేకుండా ఊదేది ఏదీ లేదా?" అన్నాను.

హయాత్ నా వంక చూశాడు. "మౌతార్గాన్ ఉంది. దానికి పెదాలు చాలు."

"మరి తెచ్చిపెట్టు. నీ గిటారు పక్కన బాగుంటదా?"

"గిటారు పక్కన దానంత బాగుండేది ఇంకోటి లేదు," అన్నాడు. అంటుంటే హయాత్ గొంతు చిన్నపిల్లాడి గొంతులా అయిపోయింది.

అప్పటికి రంజాన్ నెల మొదలైంది. ఒక్కపొద్దులతోనే గుంటూరు బస్సెక్కాం. నేనూ వస్తానని పట్టుబట్టాను. మగవాళ్లను ఒంటరిగా అంగడికి పంపితే మొదట చూపించిందే కొనుక్కొస్తారు. గిటారు మా ఇద్దరి మధ్యన మూడో మనిషిలా కూర్చుంది. కండక్టరు దానికీ టిక్కెట్టు తీసుకోమని ఎకసెక్కాలాడాడు.

బ్రాడీపేటలో శ్రీమన్నారాయణగారని ఒక పెద్దాయన హార్మోనియాలు బాగుచేసే కొట్టు నడిపేవాడు. అద్దాల బీరువాలోంచి మూడు మౌతార్గాన్లు తీసి గుడ్డమీద పరిచాడు. హయాత్ ఒకటి తీసుకుని నోటిదాకా తీసుకెళ్లాడో లేదో, ఆయన గబుక్కున చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగవయ్యా. నోట పెట్టావంటే ఎంగిలి. ఇక అది నీదే. ఎంగిలైందాన్ని నేను ఇంకొకడికి ఎట్టా అమ్మేది?"

"ఒక్కపొద్దులో ఉన్నామండి. నోరు శుభ్రంగానే ఉంటది," అన్నాను నేను.

ఆయన పకపకా నవ్వాడు. "నీ నోరు మాత్రం బానే ఉందమ్మా," అని బల్లకింద నుంచి చిన్న తోలుతిత్తి తీశాడు. దాని మూతికి మౌతార్గాన్ ఆనించి, తిత్తి నొక్కి ఒకసారి, వదిలి ఒకసారి మోగించాడు. "పెళ్లిచూపుల్లో పిల్లను దూరం నుంచే గదా చూసేది. ఇదీ అంతే."

బొత్తాం ఉన్న పొడుగుది మొదటిసారి పట్టేవాళ్లకు వద్దని ఆయనే పక్కన పెట్టేశాడు. చిన్నది జేబులో ఇమిడేంత ఉంది. దాని గొంతు గిలక చప్పుడులా ఉంది, క్లారినెట్ పట్టిన మనిషి దాన్ని చూసి మొహం తిప్పుకుంటాడు. మూడోదానికి రంధ్రాలు రెండు వరసలు. ఒక్కో స్వరానికి లోపల రెండేసి రేకులు ఉంటాయట. అందుకని మోగినప్పుడు స్వరం సన్నగా వణికింది. అప్పగింతలప్పుడు తల్లి గొంతు అలాగే వణుకుతుంది.

"ఇదే," అన్నాను.

"శ్రుతి చూడనియ్యవే," అని హయాత్ గిటారు తీశాడు. శ్రీమన్నారాయణగారు తిత్తి నొక్కుతుంటే తను తీగ మీటాడు. కలవలేదు. మామయ్య క్లారినెట్ శ్రుతికి దించిన తీగలాయె.

"మౌతార్గాన్ శ్రుతి మారదు బాబూ. తీగలున్నవాడే సర్దుకోవాల," అన్నాడాయన.

హయాత్ ఒక్కో బిరడా తిప్పుతూ తీగలు బిగించాడు. చివరి తీగ టప్పున తెగి తన చెంపమీద కొట్టింది. పెద్దాయన కొత్త తీగ తీసిచ్చాడు. ఈసారి తిత్తి నొక్కితే గిటారూ మౌతార్గానూ ఒకే ఇంటి మనుషుల్లా పలికాయి. నేను వెర్రిదానిలా చప్పట్లు కొట్టాను.

డబ్బాలో పెట్టి ఇస్తూ ఆయన నాకే చెప్పాడు. "చూడమ్మా, ఇందులో ఊదితే ఒక స్వరం, పీలిస్తే ఇంకోటి. స, గ, ప ఊదేవి. మిగతావి పీల్చేవి. ఊదేటప్పుడు పసిపిల్లాడు ఎక్కడ ఊదినా తప్పు రాదు, అన్నీ కలిసే ఉంటయ్. పీల్చేటప్పుడే జాగర్త."

పండగనాడు ఇద్దామనుకున్నాం. అప్పటిదాకా దాచే పని అత్త తీసుకుంది. మామయ్య రోజంతా ఇంట్లోనే ఉంటాడు. బీడీల కోసం ట్రంకుపెట్టె దగ్గర్నుంచి బియ్యపు కుండ దాకా దేన్నీ వదలడు. అందుకని అత్త దాన్ని డబ్బాలోంచి తీసి, పాత రుమాల్లో చుట్టి తీసుకెళ్లి మిరపకాయల గోతంలో మోచేతిదాకా దించి పెట్టింది. మావైపు ఆడవాళ్లు విలువైనవి దాచేదే అక్కడ. మిరపగోతంలో చెయ్యి పెట్టే దొంగ ఇంకా పుట్టలేదంటారు. ఎలుక కూడా దాని జోలికి పోదు.

"మీ మామయ్య అసలా గదిలోకి తొంగి చూట్టం మానేశాడు. కోరు పడట్లేదంట," అంది. కోరంటే మిరపకాయల ఘాటు. మార్టూరులో పుట్టి పెరిగిన మనిషికి కోరు పడకపోవడమేమిటని నాకు గానీ, అత్తకు గానీ తట్టలేదు.

ఆ ఏడు ఉగాదీ రంజానూ ఒకదాని పక్కన ఒకటి వచ్చాయి. పక్కింటి చెంచమ్మ ఇచ్చిన పచ్చడి ఇంకా గిన్నెలో ఉంది. నమాజు నుంచి వచ్చి మామయ్య సేమ్యా తిన్నాడు. హయాత్ గిటారు తెచ్చుకుని అరుగుమీద కూర్చున్నాడు. అత్త గోతంలోంచి దాన్ని తీసి, మళ్లీ డబ్బాలో పెట్టి తెచ్చి మామయ్య చేతిలో పెట్టింది.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. రంధ్రాల మీద బొటనవేలు నడిపించాడు. ఎన్నాళ్లకో మొహం విచ్చుకుంది.

"ఎవరు ఎంచింది?"

"నేనే మామయ్యా."

"చెవి ఉంది పిల్లకి," అన్నాడు. కొడుకు వంక తిరిగి, "ఏరా, నీ విల్లు దీంతో కలుస్తదా?" అన్నాడు.

"కలిపే తెచ్చా నాయనా."

మామయ్య దాన్ని పెదాలకు ఆనించాడు. క్లారినెట్ వాళ్లకు ముందుగా గుండెల నిండా గాలి తీసుకోవడం అలవాటు. మౌతార్గాన్ నోట ఉండగానే ఆయన అలా గట్టిగా పీల్చాడు.

ఆ పీల్పుతో వచ్చిన చప్పుడు ఒక్కటే విన్నాం. తర్వాత అంతా దగ్గే. నీళ్లు పోశాం, వీపు నిమిరాం, చెంచమ్మ మజ్జిగ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. మొహం నల్లబడి, కళ్లు తేలవేసి, అరుగు స్తంభాన్ని రెండు చేతులతో పట్టుకుని దగ్గాడు. హయాత్ మౌతార్గాన్ను అరచేతిలో తట్టాడు. ఎర్రటి పొడి రాలింది, దాంతో పాటు ఒక మిరపగింజ.

"ఎక్కడ పెట్టావే అమ్మా దీన్ని?" అని కేక పెట్టాడు.

అత్త చెంపలు వాయించుకుంది. "నా చేతులిరిగిపోను! నేనే పెట్టానురా ఆయన నోట్లో కారం!"

దగ్గు సద్దుమణిగాక మామయ్య చెయ్యెత్తి ఆమెను ఆపాడు.

"దాన్నేమీ అనకు. కారం ఇవాళ్టిది. దగ్గు పాతది."

హయాత్ ఆయన పక్కన కూలబడ్డాడు.

"పళ్లు కాదురా," అన్నాడు. "ఊపిరి."

అంతే అన్నాడు. సేమ్యా ఇంకొంచెం ఉంటే పెట్టమన్నాడు.

చిలకలూరిపేట డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, క్షయ కాదన్నాడు. చిన్నప్పటి నుంచి పీల్చిన దూది ఊపిరితిత్తుల్లో పేరుకుని అవి గట్టిపడ్డాయన్నాడు. ఇక బాగుపడవన్నాడు. ధూళికీ ఘాటుకీ దూరంగా ఉండమన్నాడు. "మిరపకాయలకి దూరంగా మావైపు ఊరేదండీ డాక్టరుగారూ?" అని మామయ్య నవ్వాడు. ఇంట్లో ఉన్న గోతాలన్నీ ఆ రోజే రైతులకు పంపేశాం. అత్త ఆ గదిని కడిగిందే కడిగింది.

మౌతార్గాన్ను హయాత్ మరలు విప్పి, కోడి ఈకతో రేకు రేకూ తుడిచాడు. తుడిచి గూట్లో పెట్టాడు. దాని వంక ఎవరూ చూడటం లేదు.

ఒక మధ్యాహ్నం నేను పొయ్యి దగ్గర ఉండగా అరుగుమీంచి సన్నగా చప్పుడు వచ్చింది. చెవి ఒగ్గి విన్నాను. అప్పగింతల వరసే. కానీ మధ్య మధ్య స్వరాలు లేవు. పళ్లూడిన దువ్వెనలా ఉంది పాట. తొంగి చూస్తే మామయ్య కళ్లు మూసుకుని ఊదుతున్నాడు. ఊదే స్వరాలు మాత్రమే పలికిస్తున్నాడు. పీల్చాల్సిన చోట మౌతార్గాన్ను పెదాలకు దూరం జరిపి, ముక్కుతో మెల్లగా గాలి తీసుకుని, మళ్లీ ఊదుతున్నాడు. పీలిస్తే దగ్గు వస్తుంది, అది ఆయనకు తెలుసు.

దొడ్లోంచి హయాత్ గిటారుతో వచ్చాడు. అరుగు ఈ చివర కూర్చున్నాడు. తండ్రి వదిలేసిన చోట ఒక తీగ మీటాడు. మళ్లీ వదిలేసిన చోట ఇంకోటి.

మామయ్య ఆపాడు. "మధ్యలో నువ్వెందుకురా?"

"నువ్వు వదిలేసినవే వాయిస్తన్నా నాయనా. నీ వాటి జోలికి రాను."

మామయ్య మౌతార్గాన్‌ను పంచెకు తుడుచుకున్నాడు. ఇక లేచి లోపలికి వచ్చేస్తాడనుకుని నేను పక్కకు జరిగాను.

"వాయిస్తే సరిగ్గా వాయించు," అన్నాడు. "ఆ రెండోది తొందరపడి కొట్టావు. అక్కడ తల్లి కూతురి చెయ్యి వదలాల. అంత తొందరగా ఎవత్తె వదులుద్ది?"

అప్పుడు ఏడ్చాను నేను, పొయ్యి ముందు కూర్చుని, పొగ వంక పెట్టుకుని.

ఆ తర్వాత పెళ్లి లేని ప్రతి సాయంత్రమూ ఇద్దరూ అరుగుమీద కూర్చున్నారు. ఒక పాట, ఇద్దరు మనుషులు. ఆయన ఊదేవి ఆయనవి, మిగతావి హయాత్‌వి. చలమయ్య కూడా వచ్చి కూర్చుని గుమ్మం చెక్క మీద వేళ్లతో తాళం వేసేవాడు. మామయ్య నోటి తాళం ఊడింది. అన్నం తినేవాడు, అత్తను ఉడికించేవాడు. "ఏమే మౌలా, ఇవాళ ఏ గోతంలో దాచావే నా వాయిద్యం?" అంటే అత్త మూతి తిప్పుకునేది. నవ్వేది మాత్రం కాదు. నాకు ఆ రోజులు ఇంకొన్ని ఉంటే బాగుండుననిపిస్తుంది. అడిగితే ఇచ్చేదెవరు?

వైశాఖంలో వడగాలి మొదలైంది. ఒక ఉదయం హయాత్ అద్దంకిలో పెళ్లికి వెళ్లి ఇంకా రాలేదు. మామయ్య అరుగుమీద స్తంభానికి ఆనుకుని కూర్చునే పోయాడు. హయాత్ బ్యాండు వాళ్ల ఎర్రకోటు, ఇత్తడి గుండీలతో అలాగే వచ్చి తండ్రి కాళ్ల దగ్గర కూర్చున్నాడు. మౌతార్గాన్ మామయ్య జేబులో ఉంది. తీసి నేనే గూట్లో పెట్టాను.

అత్త ఏడవలేదు. కూరల్లో కారం వెయ్యడం మానేసింది. ఎవరు పరామర్శకు వచ్చినా ఒకటే మాట. "నేనే పెట్టానమ్మా ఆయన నోట్లో కారం." డాక్టరు చెప్పింది చెప్పాం, దూది అని చెప్పాం. చెవిన వేసుకోలేదు. గూటి వైపు వెళ్లాల్సి వస్తే మొహం తిప్పుకుని గోడవారగా నడిచేది.

మామయ్య పేర నలభైరోజుల ఫాతెహా చదివించిన సాయంత్రం, వచ్చినవాళ్లు వెళ్లిపోయాక, హయాత్ గిటారు తీశాడు. తీగలు సవరించబోయి ఆగాడు. అవి మౌతార్గాన్ శ్రుతిలోనే ఉన్నాయి. అప్పగింతల వరస మొదలుపెట్టాడు. తనవి మాత్రమే వాయిస్తున్నాడు. తండ్రివి వచ్చిన చోటల్లా చెయ్యి ఆపి, ఖాళీ వదిలి, మళ్లీ మీటుతున్నాడు. వినలేకపోయాను.

లోపల చాపమీద ఉన్న అత్త, "ఆ మిగతావి కూడా వాయించరా," అంది. "అట్టా వదిలేస్తే ఎట్టా వినేది?"

"అవి నావి కాదమ్మా."

"నీయ్యి కాకపోతే ఎవరియ్యి?"

నేను గూట్లోంచి మౌతార్గాన్ తీసుకెళ్లి అత్త చేతిలో పెట్టాను. ఆమె నిప్పు ముట్టినట్టు చెయ్యి లాక్కుంది.

"నాకేం తెలుసే? నేనెప్పుడన్నా పాట పాడానా?"

"తెలియక్కర్లేదత్తా. గుంటూరు కొట్టాయన చెప్పాడు. ఊదేటప్పుడు ఎక్కడ ఊదినా తప్పు రాదంట."

ఒళ్లో పడ్డ దాన్ని చేతిలోకి తీసుకుంది. బయట హయాత్ మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. మొదటి ఖాళీ వచ్చింది, పోయింది. రెండోది వచ్చింది. అత్త దాన్ని రెండు చేతులతో పట్టుకుని పెదాలకు ఆనించింది. వెంటనే తీసేసి నాలుకతో పెదవి తడుముకుంది.

"ఇంకా కారంగానే ఉందిరా," అంది. అప్పుడు ఏడ్చింది, ఆయన పోయాక మొదటిసారి.

హయాత్ తీగలమీంచి చెయ్యి తియ్యలేదు.

"ఊదమ్మా," అన్నాడు. "ఊదితే ఏమీ కాదు."

ఆమె ఊదింది.